దావావో నుంచి వచ్చిన వ్యాసానికి జవాబు

అమ్మాయీ,

‘మీరు’ అంటే ఇబ్బందిగా ఉందన్నావు కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను. మెడిసిన్ చదవడానికి ఫిలిప్పీన్స్‌లోని దావావో వెళ్ళిన మన పిల్లలు చాలామంది ఉన్నారు. ఆ దేశపు పుస్తకాలు చదివి, వాటి ఆధారంగా, సముదాయం కోసం చేసే డిజైన్ మీద తెలుగులో వ్యాసం రాసి, చదవాల్సిన రచయితల జాబితా జతచేసినవాళ్ళు మాత్రం నాకు నువ్వే తగిలావు. మెప్పు ఇంతటితో సరి.

మూడో పేజీలో నాకు ఒళ్ళు మండింది. స్పెయిన్ వాళ్ళు రాకముందు ఫిలిప్పీన్స్‌లో అంతా న్యాయమే, అంతా సామరస్యమే అని రాసి, దానికి సాక్ష్యంగా 1433 నాటి రాజా కలంతియావ్ ధర్మశాసనాన్ని చూపించావు. అది దొంగ పత్రం తల్లీ. హోసే మార్కో అనే ఆయన 1914లో అక్కడి జాతీయ గ్రంథాలయానికి ఇచ్చిన కాగితాల్లోంచి ఊడిపడింది. చరిత్రకారుడు విలియమ్ హెన్రీ స్కాట్ 1968లో తన డాక్టరేట్ పరిశోధనలో దాన్ని తవ్వి చూస్తే, అంతకుముందు దాని ఊసెత్తిన ఆధారం ఒక్కటీ దొరకలేదు. ఆలోగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేసింది. స్కాట్ చెప్పాక కూడా, 1971లో, అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం ఆ పేరు మీద ఒక బిరుదు పెట్టింది! అసలు ఆ శాసనం చదివావా? నల్లపిల్లిని చంపినవాణ్ణి పూటంతా చీమలకు వదిలెయ్యమంటుంది. నువ్వు దాన్ని ‘సముదాయం నుంచి పుట్టిన న్యాయం’ అన్నావు.

ఎందుకు పడ్డావో నాకు తెలుసు. పరాయివాడు మూడు వందల ఏళ్ళు నీకేమీ లేదు, నీకేమీ రాదు అని చెవిలో పోరితే, ఎక్కడో ఒక స్వర్ణయుగం ఉండే ఉంటుందని మనసు వెతుక్కుంటుంది. ఈ జబ్బు మనకేం తక్కువ కాదు. విమానాలు కూడా మనవాళ్ళే కనిపెట్టారని సాయంత్రానికి రెండు ఫార్వర్డ్‌లైనా వస్తాయి నాకు. పాతదైతేనే గొప్పదన్న లెక్క మనకు నేర్పింది కూడా ఆ దొరల మ్యూజియంలే అని నా గట్టి నమ్మకం. ఎవరు కాదన్నా నేను వినను.

నీకు నిజంగా పాత పత్రమే కావాలంటే లగూనా రాగిరేకు ఉంది. 1980ల చివర్లో లగూనా రాష్ట్రంలో నది దగ్గర ఇసుక తవ్వేవాళ్ళకు దొరికింది. శక సంవత్సరం 822, వైశాఖ మాసం, బహుళ చవితి, సోమవారం అని తేదీ వేసి ఉంటుంది. అంటే సామాన్య శకం 900. అదిగో, మన పంచాంగం అక్కడిదాకా వెళ్ళిందని తెలుగు పాఠకుడు మీసం మెలేస్తాడు. వాడికి ఆ అవకాశం ఇవ్వకు. ఆ రేకులో ఉన్నది నమ్వరన్ అనే మనిషి బాకీ మాఫీ అయిందని అతని పిల్లలకు రాసిచ్చిన చెల్లు చీటీ. ఎవరు అప్పు పడ్డారు, ఎంత బంగారం, ఎవరు సాక్షులు, ఇకముందు ఎవరైనా మళ్ళీ అడిగితే ఏం చెప్పాలి, అన్నీ ఉన్నాయి. వెయ్యేళ్ళ కింద కూడా జనం రేపటి గొడవ గురించి ఆలోచించి కాగితం పని చేసుకున్నారు. నీ ధర్మశాసనం కంటే ఇది నాకు పదింతలు ముద్దొస్తుంది.

ఇఫుగావో కొండల మీది వరి మడుల సంగతీ అంతే. రెండు వేల ఏళ్ళ నాటివని రాశావు. పాత పుస్తకాలన్నీ అదే చెబుతాయి, యునెస్కో కూడా అదే చెప్పింది. కానీ స్టీఫెన్ అకబాదో అనే పురాతత్వవేత్త, ఆ ఊళ్ళవాళ్ళతో కలిసి తవ్వి చూసి, ఈ నీటి మడులు చాలావరకు నాలుగు వందల ఏళ్ళవే అంటున్నాడు. అంతకుముందు అక్కడ చేమదుంప వేసేవాళ్ళట. స్పెయిన్ సైన్యాలు పల్లపు లోయల్లోకి వచ్చినప్పుడు జనం కొండెక్కి, ఎవరికీ లొంగకుండా బతకడానికి ఆ మడులు కట్టుకున్నారన్నది ఆయన వాదన. ఈ మాట విని అక్కడ చిన్నబుచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది. రెండు వేల ఏళ్ళు తీరిగ్గా కట్టడం ఒక ఎత్తు, తరుముకొస్తుంటే కొన్ని తరాల్లో కొండను చెక్కెయ్యడం ఒక ఎత్తు. డిజైన్ గురించి రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

నీ జాబితా మీద అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. అందులో నీతో పోట్లాడేవాడు ఒక్కడూ లేడు. చరిత్రకారుడు రెనాటో కాన్‌స్టాంటినో ఉన్నాడు, సరే. స్పెయిన్ తర్వాత ఏలిన అమెరికా పెట్టిన ఇంగ్లీషు చదువు ఫిలిప్పీన్స్‌వాళ్ళను తమకే పరాయివాళ్ళను చేసిందని అంత కుండబద్దలు కొట్టినవాళ్ళు తక్కువ. మనస్తత్వవేత్త విర్జీలియో ఎన్రీకెజ్ ఉన్నాడు, ఆయన్ని ఉంచు. ప్రశ్నాపత్రం పట్టుకుని వెళ్ళకుండా, పక్కన కూర్చుని కబుర్లలో అడిగి తెలుసుకోవడం కూడా శాస్త్రమేనని నిలబెట్టింది ఆయనా, ఆయన శిష్యులూను. మిగతావాళ్ళంతా అమెరికా యూనివర్సిటీల నుంచి ఒకే రాగం పాడేవాళ్ళు. అక్కడి రచయిత నిక్ హోకిన్ ఏడీ? ‘ఎ హెరిటేజ్ ఆఫ్ స్మాల్‌నెస్’ అన్న వ్యాసంలో ఆయన తన దేశాన్నే ఉతికి ఆరేశాడు. ఒక్క సిగరెట్టు, సగం వెల్లుల్లిపాయ, ఒక్క గుడ్డు కొనుక్కునే జాతి మనది అన్నాడు. ఆ వరి మడులు కూడా ఒక మహా పథకం కావు, తరతరాల చిన్న చిన్న పనుల పోగు మాత్రమే అని తేల్చేశాడు. నాకు ఆయనతో పేచీ ఉంది. చిన్న పనులు పోగై కొండంత అయితే అది డిజైన్ ఎందుకు కాదు? కానీ ఆయన లేకపోతే నాకు ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

ఆ ఒక్క గుడ్డు దగ్గరే నీ వ్యాసంలో నాకు నచ్చిన చోటు ఉంది. మీ వీధి సరి-సరి స్టోర్, అంటే ఇంటి ముందు చిల్లర కొట్టు. ఇనుప జాలీ వెనక కూర్చున్న ఆంటీ, వంటనూనెను చిన్న ప్లాస్టిక్ సంచుల్లో ముడివేసి అమ్మడం, అక్కడివాళ్ళు తింగి అనే ఆ చిల్లర బేరం, అప్పు రాసుకునే నోటుబుక్కు. మూడు వాక్యాల్లో తేల్చేసి మళ్ళీ సిద్ధాంతంలోకి పారిపోయావు. ఆ ప్యాకెట్టు లీటరు నూనె కంటే లెక్కన ఎంత ఎక్కువ పడుతుంది? రోజుకూలీ మనిషికి అయినా అదే ఎందుకు నయం? షాంపూ కంపెనీలు ఆ అలవాటును పట్టుకుని సాషేల కొండలు పోశాక ఆ వీధి కాలవ ఏమైంది? ఇవేవీ లేవు. నాకు ధర కావాలి.

ధర అంటే గుర్తొచ్చింది. దివిసీమ ఉప్పెన తర్వాత కట్టిన పక్కా ఇళ్ళ మీద నేనొక వ్యాసం రాశాను. శ్లాబు కింద మేకలనూ పిడకలనూ ఉంచి, జనం ముందు తాటాకు పాక వేసుకుని అందులో పడుకుంటున్నారు. మధ్యాహ్నం లోపల ఉడికిపోతున్నాం బాబూ అంది ఒక ముసలమ్మ. పాకకు ఎంత ఆకు పడుతుంది, మోపు ఎంత, ఎన్నేళ్ళకు మార్చాలి అన్నీ రాశాను. అప్పట్లో పేరున్న ఒక పత్రిక ఎడిటర్ ఆ పేరా మొత్తం కొట్టేసి, ‘నవజీవన గృహాలు’ అని పేరు మార్చి, చివర ఉదయిస్తున్న సూర్యుణ్ణి తగిలించి వేశాడు. ఆ రోజుల్లో ఏది రాసినా చివర సూర్యుడు పొడవాలి. ఇప్పుడు సూర్యుడు పోయి ‘ఆశ’ వచ్చింది. నీ ఆఖరి పేరా చూస్తే ఏ ఎడిటర్ మెప్పు కోసం రాశావో అర్థమవుతోంది.

భవిష్యత్తు మీద ఆశ గురించి రాయొద్దని కాదు. 2021 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ కష్టకాలంలో, మనీలా పక్కన కెజోన్ సిటీ మగిన్హావా వీధిలో ఆనా పాట్రీషియా నాన్ అనే అమ్మాయి ఒక వెదురు బండిలో సరుకులు పెట్టి, మీద అట్టముక్క కట్టింది. ఇవ్వగలిగినంత ఇవ్వండి, అవసరమైనంత తీసుకోండి అని. కాపలా లేదు, ఫారం లేదు, ఆధార్ లాంటిది అడగలేదు. రోజుల్లోనే దేశమంతా అలాంటి బళ్ళు వెలిశాయి. వెంటనే కమ్యూనిస్టు ముద్ర వేసేవాళ్ళూ బయలుదేరారు, భయంతో ఒక రోజు మూసుకోవలసి వచ్చింది. దీని గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. మనీలా కొబ్బరి ప్యాలెస్ గురించి మాత్రం ఒక పేజీ! ఫ్రాన్సిస్కో మన్యోసా గొప్ప ఆర్కిటెక్ట్, ఎవరూ కాదనరు. కానీ ఆ మార్కోస్ భార్య ఇమెల్డా చెబితే, 1981లో వచ్చే పోప్ కోసం కట్టిన భవనం అది. ఇంత పేదరికంలో ఇంత ఆడంబరమా అని ఆ పోప్ అందులో దిగనే లేదు. గోడకు కొబ్బరి వాడినంత మాత్రాన జనానిదైపోదు.

ఇక హోసే రిజాల్. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు కాబట్టి ఒక దండం పెట్టి దాటేశావు. ఆయన నవల ‘నోలి మె తాంగెరె’ 1887లో వచ్చింది. అందులో కథానాయకుడు ఇబర్రా యూరప్ నుంచి బడి నమూనా పట్టుకొచ్చి ఊళ్ళో కట్టబోతాడు. ముసలి తాసియో, ముందు ఊరి పెద్దలను అడుగు, వినకపోయినా అడిగినట్టు కనిపించు అంటాడు. శంకుస్థాపన నాడు రాయి ఎత్తే యంత్రమే ఇబర్రా మీద కూలేట్టు కుట్ర జరుగుతుంది. సముదాయం కోసం కట్టడం ఎంత ప్రమాదమో చెప్పే నవల అది, నీ జాబితాలో మొదట ఉండాల్సింది. ఆ తాసియోయే తన రాతలను తన కాలంవాళ్ళకు అర్థం కాకుండా బొమ్మల లిపిలో, అక్కడి భాష తగాలోగ్‌లో రాసుకుంటాడు, ఎప్పుడో పుట్టబోయేవాళ్ళ కోసం. నవల రాసిన రిజాల్ కూడా కబుర్లతో ఆగలేదు. 1892లో దపీతాన్‌కు ప్రవాసం పంపిస్తే అక్కడ ఊరికి నీళ్ళు తెప్పించాడు, పిల్లలకు పాఠం చెప్పాడు, ఊరి మైదానంలో మట్టితో మిందనావ్ పటం కట్టాడు. దపీతాన్ కూడా నువ్వున్న మిందనావ్ దీవిలోనే ఉంది కదా, సెలవుల్లో వెళ్ళి చూసి రా.

‘నోలి’కి ఏ ఇంగ్లీషు అనువాదం చదవాలని అడిగావు. లియోన్ గెరేరోది సాఫీగా పోతుంది, అదే దాని లోపం. వీధుల పేర్లూ తగాలోగ్ మాటలూ చాలా చోట్ల ఎగరగొట్టేశాడని పండితుడు బెనెడిక్ట్ ఆండర్సన్ ఏకరువు పెట్టాడు. లాక్సన్-లోక్సిన్ అనువాదం దొరికితే అది తీసుకో. కలంతియావ్‌ను తీసేసి, కొట్టు ఆంటీకి నాలుగు పేజీలిచ్చి, దసరా లోపు మళ్ళీ పంపు.