మీటరు చెడలేదు, సముద్రమే పల్చబడింది

ప్రశ్న: మాస్టారూ, మాది శ్రీకాకుళం. ఇంట్లో రెండొందల లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. రెండు క్లౌన్ చేపలు, ఒక డాంసెల్ పెంచుతున్నాను. వారానికోసారి ఇరవై లీటర్లు మార్చాలంటే ప్యాకెట్ ఉప్పుకే బోలెడు ఖర్చవుతోంది. మా బావది కళింగపట్నం. దీపావళి అయ్యాక అక్కడ రెండు కేన్ల సముద్రపు నీళ్లు పట్టించి తెచ్చి ఉప్పదనం మీటరుతో కొలిస్తే సాంద్రత 1.018 చూపింది. అక్వేరియంలో 1.025 ఉంది. మీటరు చెడిపోయిందంటారా? మా నాన్నగారేమో "పక్కనే నౌపడ ఉప్పుండగా ఈ తిప్పలెందుకురా, రెండు గుప్పెళ్లు వెయ్యి" అంటున్నారు. వెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీటరును అనుమానించకండి. దీపావళి తర్వాత కళింగపట్నం నీళ్లు 1.025 చూపించి ఉంటే అప్పుడు అనుమానించేవాణ్ణి. ముల్లు ఊగే ప్లాస్టిక్ మీటరైతే ముల్లుకు అంటుకున్న గాలిబుడగలను తట్టి రాల్చి మళ్లీ చూడండి. అయినా బుడగలుంటే అది ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు.

కళింగపట్నం వంశధార మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు. ఒడిశా కొండల్లో కురిసిన వాన అక్కడే సముద్రంలో కలుస్తుంది. అదొక్కటే కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంబడి సముద్ర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది బంగాళాఖాతంలో పోసిన మంచినీళ్లు ఆ దారినే మన ముందునుంచి దిగుతాయి. సముద్రపు నీటిలో సగటున కిలోకు 35 గ్రాముల లవణాలుంటాయి. మీ కేన్లలో ఉన్నది సుమారు 24. సంక్రాంతి వెళ్లాక ప్రవాహం దిశ మారి, ఉప్పదనం ఎక్కువున్న దక్షిణపు నీళ్లు ఉత్తరానికి వస్తాయి. కాబట్టి నీళ్లు పట్టడానికి ఫిబ్రవరి, మార్చి మంచివి. ఏప్రిల్, మే నెలల్లోనూ నీళ్లు బాగుంటాయి గానీ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు బోట్ల వేటకు నిషేధం. తెచ్చిపెట్టేవాళ్లు దొరకరు.

చోటు కూడా చూసుకోవాలి. మన జిల్లాది 193 కిలోమీటర్ల తీరం. అందులో కళ్లేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ కలుస్తున్నాయి. ఈ మొగలకు దూరంగా ఉన్న ఊరు ఎంచుకోండి. ఒడ్డున అలల్లో ముంచితే సగం ఇసుకే వస్తుంది. వేటకెళ్లేవాళ్లకు కేన్లిచ్చి, లోపలికి వెళ్లాక ఇంజన్ ఆపి, డీజిల్ తగలకుండా బోటు ముందువైపు నుంచి ముంచమని చెప్పండి. నీళ్లు రంగు మారి పచ్చగానో ఎర్రగానో కనిపిస్తే వద్దనండి. కేన్లు తాగునీటివే అయ్యుండాలి. ఫినాయిలు, పురుగుమందు పోసినవి ఎన్నిసార్లు కడిగినా పనికిరావు.

ఇక నాన్నగారి మాట. నౌపడ ఉప్పు మీద నాకూ గౌరవముంది, మా ఇంట్లో ఆవకాయకు వేరేది వాడరు. కానీ ఉప్పు మడిలో ఏం జరుగుతుందో చూడండి. నీరు ఆవిరవుతుంటే ముందు సున్నం, ఆ తర్వాత జిప్సం అడుక్కి దిగిపోతాయి. ఆ తర్వాతే మన వంట ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం ఉన్న చేదునీటిని చివర్న బయటికి వదిలేస్తారు. చేతికొచ్చే గల్లు ఉప్పు దాదాపు సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాముల పైగా కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం ఉంటాయి. మడిలో పోయినవాటిని రెండు గుప్పెళ్లు కాదు, బస్తా వేసినా తిరిగి తేలేరు. మీటరు మాత్రం 1.025 చూపిస్తుంది! అదే ప్రమాదం.

అలాగని తెచ్చిన నీళ్లు పారబోయకండి. ఇరవై లీటర్ల కేనుకు 200 గ్రాములకు కాస్త పైగా మెరైన్ సాల్ట్ (మీరు కొనే ప్యాకెట్ ఉప్పే) కలిపితే మీ లెక్కకు వస్తుంది. మంచినీటితో మొదలుపెడితే 700 గ్రాములు దాటేది. నీళ్లు పట్టే మంచి కాలం కాకపోయినా మీకు ఉప్పులో మూడింట రెండొంతులు మిగిలినట్టే.

ఉప్పు కలపడానికి ముందు నీళ్లను దగ్గరి నేత గుడ్డ నాలుగు మడతలేసి వడకట్టండి. మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, వెలుతురు తగలని చోట, ఎయిర్ పంపు పెట్టి రెండు వారాలుంచండి. వడకట్టినా కంటికి కనపడని జీవులు బోలెడు మిగులుతాయి. అవి చచ్చి కుళ్లేటప్పుడు అమ్మోనియా లేస్తుంది. దాన్ని బ్యాక్టీరియా తినేదాకా ఆగాలి. మూడు నాలుగు రోజులకు మూత తీసి టార్చి వేస్తే అడుగున పల్చగా గోధుమరంగు మడ్డి, దాని పైన అద్దంలాంటి నీరు కనిపిస్తాయి. గడువయ్యాక పైనీటిని గొట్టంతో లాగి, అడుగున నాలుగు వేళ్ల మందం వదిలేయండి. అమ్మోనియా సున్నా వస్తేనే తొట్టెలో పోయాలి. కుళ్లిన గుడ్డు వాసనొస్తే పరీక్ష కూడా అక్కర్లేదు, పారబోయడమే.

మీరు అడగలేదు గానీ ఒక మాట. తొట్టెలో ఆవిరై తగ్గిన నీటికి బదులు సముద్రపు నీళ్లు పోయకండి. ఆవిరయ్యేది నీరు, ఉప్పు అక్కడే ఉంటుంది. దానికి ఆర్ఓ నీళ్లే పోయాలి. మన మే నెల ఎండలకు రోజూ చూసుకోవాల్సిందే.

ప్రశ్న: మాది భోగాపురం దగ్గర. రొయ్య పిల్లల హేచరీలో తెలిసినవాళ్లు శుద్ధి చేసిన సముద్రపు నీళ్లిస్తామంటున్నారు. అక్వేరియంలో నేరుగా పోయొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: అదృష్టవంతులమ్మా మీరు! హేచరీవాళ్లు బ్లీచింగుతో క్రిములను చంపి, వడపోసి వాడతారు. అంత కష్టం ఇంట్లో మనం పడలేం. అయితే క్లోరిన్ పూర్తిగా పోయిందో లేదో అక్కడే చూపించమనండి. ఆర్థోటోలిడిన్ అనే క్లోరిన్ పరీక్ష ద్రావణం రెండు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు తిరగకూడదు. వాసన చూసి సరేననుకోవద్దు. పిల్లలున్న ట్యాంకు నీళ్లు కాకుండా, నిల్వ ట్యాంకువే అడగండి. పిల్లల ట్యాంకులో మేత, మందులు కలిసుంటాయి. వానాకాలం వెళ్లిన కొత్తలో ఆ నీళ్ల ఉప్పదనమూ కొలవండి. హేచరీ లాగేదీ ఇదే సముద్రం నుంచి.