గ్రాఫిక్స్ కన్నా ముందు వంతులు పోయాయి

"బొమ్మ బాగుపడడం తప్ప అప్పటి వీడియో గేములకీ ఇప్పటివాటికీ తేడా ఏముంది?" అని అడిగారు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నాకు తెలిసిన పెద్ద తేడా ఒక ఒడియా మాటలో ఉంది: 'మో పాళి'. నా వంతు అని.

1990ల చివర్లో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ గేమ్, ఎదురింటివాళ్లది. అది నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకలని మాకేం తెలుసు! కేసెట్ మీద '9999 ఇన్ 1' అని ఉండేది. లోపల చూస్తే పట్టుమని పది ఆటలుండవు, పేర్లు మార్చి మళ్లీ అవే. బొమ్మ రాకపోతే కేసెట్ తీసి, ఉఫ్‌మని ఊది పెట్టేవాళ్లం. నిజానికి పనిచేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. నోటి తడికి పిన్నులు పాడవుతాయి కూడా.

కాంట్రా అనే కాల్పుల ఆట ఆడేది ఇద్దరు, చూసేది ఎనిమిదిమంది. మూడు ప్రాణాలూ పోతే రిమోట్ పక్కవాడికి ఇచ్చెయ్యాలి. తెలుగు పిల్లలమైనా ఒడియా పిల్లలైనా అరుపొకటే, 'మో పాళి! మో పాళి!' పైకి రెండు, కిందకి రెండు, ఎడమ కుడి ఎడమ కుడి, బీ, ఏ నొక్కితే 30 ప్రాణాలొస్తాయని ఒకడు బరంపురంలో నేర్చుకొచ్చాడు. వారం తిరక్కుండా దాన్ని మా వీధిలో నిషేధించాం. 30 ప్రాణాలున్నవాడు లేస్తాడా మరి!

మొన్న సంక్రాంతికి ఎదురింటి నేస్తం ఆ పెట్టెని అటక మీంచి దించి కొత్త ఎల్‌ఈడీ టీవీకి తగిలించాడు. మారియో చక్కగా ఆడింది. డక్ హంట్ తుపాకీకి మాత్రం ఒక్క బాతూ పడలేదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి, బాతున్నచోట తెల్లటి చదరం మెరుస్తుంది. తుపాకీలో ఉన్న కన్ను ఆ వెలుగుని పట్టుకోవాలి. పాత డబ్బా టీవీలో అది అప్పటికప్పుడు పడేది. కొత్త టీవీ సర్దుకుని చూపించేలోపు తుపాకీ 'తప్పింది' అని తేల్చేస్తోంది.

సూపర్ మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. అందులో మబ్బూ పొదా ఒకటే బొమ్మ, రంగు మార్చారంతే. మా మేనల్లుడి ఫోన్లో ఒక్క ఫొటో అంతకంటే పెద్దది. కానీ ఆ కేసెట్ ఇప్పటికీ ఆడుతోంది. 2020 సెప్టెంబరులో పబ్జీని ప్రభుత్వం నిషేధించాక, వాడు ఆ ఆటలో ఏడాదిపాటు కూడబెట్టుకున్నదంతా కొన్ని వారాల్లో చేతికందకుండా పోయింది. అన్నం మానేశాడు పాపం.

ఇప్పుడు వాడి జట్టులో ఒకడు పలాసలో, ఒకడు రాయగడలో. తెలుగూ ఒడియా కలిపి తిట్టుకుంటూ ఆడతారు. ఆ ముచ్చట మాత్రం మాకు లేదు, ఒప్పుకుంటాను. అమ్మ భోజనానికి పిలిస్తే మేం స్టార్ట్ నొక్కి ఆపేవాళ్లం. వీడేమో "పాజ్ ఉండదు మామయ్యా" అంటాడు.

ఓ రాత్రి పక్కన కూర్చుని చాలాసేపు చూసి, 'మో పాళి' అన్నాను. వాడు తలెత్తకుండానే, "నీ ఫోన్లో వేసుకో మామయ్యా, ఫ్రీయే" అన్నాడు.