చట్టం వెనక తప్పు

తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కింద గ్రహంలో జనం అంటురోగంతో పోతున్నారు. పైన కక్ష్యలో తిరుగుతున్న ఓడలో మందుంది. మనకన్నా వెనకబడిన నాగరికతల్లో జోక్యం చేసుకోవద్దని సమాఖ్య చట్టం. చివర్లో నీ కెప్టెన్ ఉపన్యాసం దంచి, చట్టాన్ని కాలదన్ని మందు ఇచ్చేస్తాడు. నా కళ్లు చెమర్చాలని నువ్వనుకున్న చోట ఆవలింత వచ్చింది. కోపం తెచ్చుకోకు, నా తొలి కథల్లో ఒకదాంట్లో అదే ఉపన్యాసం రెండు పేజీలుంది.

నీ కథలో చట్టం ఉన్నదే కెప్టెన్ దాన్ని తెంచి హీరో అవడానికి. 1967లో స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సీరియల్ ఇలాంటి 'జోక్యం వద్దు' చట్టానికి 'ప్రైమ్ డైరెక్టివ్' అనే మాట తెచ్చిన దగ్గర్నుంచి ఈ తెంపుడు చూస్తూనే ఉన్నాం. అసలు ఆ చట్టం ఎందుకు పుట్టిందో నువ్వు ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఇలాంటివి దయతో పుట్టవు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులివి. కాలినవి మాత్రం వేరేవాళ్ల చేతులు.

భూమ్మీదే చూడు. అమెజాన్ అడవిలో ఒంటరిగా బతికే తెగల దగ్గరికి మనంతట మనం వెళ్లకూడదన్న విధానానికి బ్రెజిల్ 1987లో వచ్చింది. అంతకుముందు దశాబ్దాల పాటు ప్రభుత్వ మనుషులే కత్తులూ గిన్నెలూ అడవిలో వేలాడదీసి వాళ్లని దగ్గరికి రప్పించేవారు. అందులో మంచి మనసుతో వెళ్లినవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్ల వెంటే ఫ్లూ, తట్టు కూడా వెళ్లాయి. మనల్ని నాలుగు రోజులు పడుకోబెట్టే జబ్బు అక్కడ తెగల్నే తుడిచిపెట్టింది. అండమాన్ అడవుల్లోని జరావా తెగవాళ్లు 1990ల చివర్లో బయటివాళ్లతో కలవడం మొదలుపెట్టారు, 1999లో వాళ్లకీ తట్టు సోకింది.

ఇప్పుడు నీ ఓడలోకి రా. డాక్టరమ్మని ఊరికే సూదులేయడానికి పెట్టావు. ఆమెకో గతం ఇవ్వు. వయసులో ఉన్నప్పుడు ఆమె ఇంకో గ్రహంలో ఇదే మందు పంచింది. రోగం పోయింది. కానీ సీసాలు ఎవరి చేతిలో పడ్డాయో వాళ్లే రాజులయ్యారు, పక్క లోయవాళ్లు ఒక్క సీసా కోసం బిడ్డల్ని తాకట్టు పెట్టారు. ఈసారి వద్దంటున్నది ఆమే అయితే నీ కెప్టెన్ ఏం మాట్లాడతాడు? ఆ గదిలో ఉపన్యాసం పనిచేయదు.

రాజకీయం కూడా పలచగా ఉంది. నీ సమాఖ్యకి పోటీయే లేదు! పోటీ లేనివాడికి నీతి చవకగా దొరుకుతుంది. రెండు పెద్ద రాజ్యాలు అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టాయంటే కింద జనం మీద ప్రేమ కన్నా ఒకరి మీద ఒకరికి అనుమానమే ఎక్కువ. 1968లో వచ్చిన ఒక స్టార్ ట్రెక్ ఎపిసోడ్‌లో శత్రువులు ఒక తెగకి తుపాకులిస్తే, కెప్టెన్ కర్క్ రెండో తెగకీ అవే ఇప్పిస్తాడు. బయట వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. అది చూశాక మనసులో ముల్లు దిగుతుంది. నీ కథలో ముల్లు లేదు.

'వెనకబడిన' అన్న మాట కూడా నువ్వు పదకొండుసార్లు వాడావు, లెక్కపెట్టాను. ఎవరి లెక్కలో వెనక? ఒక్కసారైనా ఒక పాత్ర చేత అడిగించు.

రెండో పేజీలో ఒక ముసలామె రాత్రి పూట ఆకాశంలో కదిలే చుక్కని చూస్తుంది. కథ మొత్తంలో నాకు నచ్చింది ఆమె. ఆ చుక్క మీ ఓడే కదా? అంటే జోక్యం ఆ రాత్రే మొదలైపోయింది, మందు సంగతి తర్వాత. 1973లో జాన్ బాల్ అనే శాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు: గ్రహాంతరవాసులు మనల్ని జూలో జంతువుల్లా దూరం నుంచి చూస్తూ, కావాలనే కనపడకుండా ఉన్నారేమోనని. అదే నిజమైతే మనమే ఆ ముసలామె. అలాంటి మనిషిని రెండో పేజీలో వదిలేసి కెప్టెన్ వెంట ఎందుకు పరిగెత్తావు? ఆ చుక్క గురించి ఆమె పొద్దున్నే ఊళ్లో ఏం చెప్పిందో, ఎవరు నమ్మారో, పిల్లలు పోతున్నప్పుడు దాన్ని ఏమని తిట్టిందో నాకు కావాలి.

తిరగరాసి పంపు. మందు ఇస్తావో మానేస్తావో నీ ఇష్టం, ముసలామె మాత్రం చివరి పేజీ దాకా ఉండాలి.

ప్రేమతో,
మీ అన్నయ్య