జలపాతం దగ్గర ముందు ఏం కట్టాలి? – పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా ఊరు పాడేరు ఏజెన్సీలో ఉంది. ఊరికి కిలోమీటరున్నర దూరంలో, అడవిలో ఒక జలపాతం ఉంది. మూడేళ్ల క్రితం దాకా మా ఊరివాళ్లకు తప్ప దాని సంగతి ఎవరికీ తెలియదు. ఇప్పుడు చలికాలం ఆదివారాల్లో వందల మంది వస్తున్నారు. సరైన దారి లేదు, మరుగుదొడ్డి లేదు, సీసాలూ ప్లేట్లూ వాగులోనే వదిలేసి పోతున్నారు. స్వాగత తోరణానికి, సిమెంటు మెట్లకు, నాలుగు కాటేజీలకు ఎస్టిమేట్ వేయించాలని పంచాయతీ పెద్దలు అంటున్నారు. మా యువజన సంఘం ఏమి అడగాలి? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఏది ముందు చేయాలి?
– ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

సమాధానం: డబ్బు సంగతికి ముందు నేల సంగతి తేల్చుకోండి. జలపాతమూ, దానికి పోయే దారీ, బళ్లు ఆపే జాగా ఎవరి కింద ఉన్నాయో తెలియకుండా వేయించిన ఎస్టిమేట్ ఏ కార్యాలయంలోనూ ముందుకు కదలదు. సర్వేయరునూ, అటవీ శాఖ బీట్ ఆఫీసరునూ వెంటబెట్టుకుని ఒకసారి ఆ దారంతా నడిస్తే, ఎంతవరకు రిజర్వు అడవి, ఎక్కడి నుంచి పోరంబోకు, ఏ ముక్క ఎవరి కాఫీ తోట అన్నది తేలుతుంది.

రిజర్వు అడవి అయితే, అడవిని మరో పనికి వాడాలంటే కేంద్రం అనుమతి కావాలనే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, అటవీ శాఖ ఆ ప్రాంతానికి రాసుకున్న వర్కింగ్ ప్లాన్‌లో చేర్చిన ఎకో టూరిజం వసతులను అటవీయేతర పనిగా లెక్కించరు. అందులో చేరని కాటేజీని మాత్రం, అనుమతి లేకుండా పంచాయతీ సొంత డబ్బుతో కట్టినా చిక్కే. కాబట్టి మీ మొదటి దరఖాస్తు గ్రామ సభ తీర్మానంతో అటవీ శాఖ డివిజనల్ అధికారి (డి.ఎఫ్.ఓ.) గారికి వెళ్లాలి. మీది షెడ్యూల్డ్ ప్రాంతం కనుక ఆ తీర్మానానికి, అలాంటి ప్రాంతాల్లో గ్రామ సభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టమూ, దాని కింద రాష్ట్రంలో 2011లో వచ్చిన నియమాలూ బలం ఇస్తున్నాయి. రేపు బయటి నుంచి ఎవరైనా రిసార్టు కడతానని వస్తే గుర్తు పెట్టుకోవలసినవి రెండున్నాయి: గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా అడ్డుకునే 1/70 నిబంధన ఒకటి, అక్కడి ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997లో చెప్పిన సమత తీర్పు మరొకటి.

ఇక పనుల విషయం. తోరణం అడగవద్దని మీ పెద్దలకు మర్యాదగానే, గట్టిగా చెప్పండి. ఆ స్థలానికి ఉన్న విలువంతా అక్కడ ఏమీ కట్టకపోవడంలోనే ఉంది. వచ్చేవాళ్లు పట్నంలో దొరకని దాని కోసం వస్తున్నారు. పట్నంలో ఉన్నదే అక్కడ కట్టిపెడితే వాళ్లకూ మిగిలేది లేదు, మీకూ మిగిలేది లేదు. అలాగని వందల మంది తొక్కే చోటును దాని మానాన వదిలేయడం కూడా అడవికి మేలు చేయదు.

ముందు దారిని చూడండి. మీ ఊరివాళ్లు వాగుకు దిగే బాట బహుశా వాలు వెంట నిట్టనిలువుగా పోతుంటుంది. పదిమంది నడిచినంత కాలం దానికేమీ కాదు. వందల మంది తొక్కితే గడ్డి పోయి నేల గట్టిపడుతుంది, వాననీరు అదే బాటను కాలువ చేసుకుంటుంది, మట్టి కొట్టుకుపోయి చెట్ల వేళ్లు బయటపడతాయి. కాలు జారుతుందని జనం పక్కనుంచి నడుస్తారు, అక్కడా గడ్డి పోతుంది. ఒక బారెడు బాట రెండు మూడేళ్లలో నాలుగు బారల ఎర్రటి కోతగా మారుతుంది. దాని మీద సిమెంటు మెట్లు పోస్తే నీరు మెట్ల పక్కనుంచీ కిందనుంచీ దారి చేసుకుంటుంది, నాలుగు వానాకాలాలకు మెట్లు గాలిలో వేలాడతాయి. కొండకు అడ్డంగా, మలుపులు తిప్పుతూ బాట తీయడమే మందు. పది అడుగులు నడిస్తే సగటున ఒక అడుగుకు మించి ఎత్తు మారకుండా చూడండి, బాటను వాలు వైపుకు కొద్దిగా ఒరిగేలా చెక్కండి, అక్కడక్కడ రాళ్లను ఏటవాలుగా పాతి నీటిని పక్కకు మళ్లించండి. రాయి మీ కొండలోనే ఉంది, రాతికట్టు కట్టే చేతులూ మీ ఊళ్లోనే ఉన్నాయి. ఉపాధి హామీ కూలీలతో చేయించుకోదగిన పని ఇది. రిజర్వు అడవి లోపల అయితే అటవీ శాఖ ద్వారా పెట్టించండి.

రెండోది మరుగుదొడ్డి. ఒక కొండ విహార స్థలంలో నేను చూసిన మరుగుదొడ్ల గదులకు నున్నటి టైల్సు వేశారు, పైన పెద్ద నీళ్ల ట్యాంకు పెట్టారు, ఆ ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారుకు కరెంటు మాత్రం రాలేదు. తలుపు గడియకు తాడు కట్టి ఉంది, లోపల ఎండుటాకులు మోకాలి ఎత్తున పేరుకున్నాయి, ఆడవాళ్లు ఆ గది వెనకనున్న పొదల్లోకి వెళుతున్నారు. నాకది ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది. మీరు జలపాతం దగ్గర కాకుండా బళ్లు ఆపే చోట, వాగుకు కనీసం 60 మీటర్ల ఎడంగా, రెండు గుంతల మరుగుదొడ్లు అడగండి. ఒక గుంత నిండితే రెండోదానికి మళ్లిస్తారు, మొదటిది రెండేళ్లలో ఎరువవుతుంది. పంపు లేకపోయినా తొట్టీ చెంబూ పెట్టి నడిపించవచ్చు.

మూడోది ప్రాణరక్షణ, నిజానికి ఖర్చులో ఇదే చిన్నది, వరుసలో ఇదే మొదటిది. మడుగు లోతు రాసిన పలక, పొడవాటి మోకు, గాలి నింపని రెండు లైఫ్‌బాయ్ చక్రాలు, ఎగువన వాన పడితే వాగులోకి ఎవరినీ దిగనివ్వని ఒక మనిషి. వీటికి ఎవరి అనుదానం కోసమూ ఆగవద్దు.

నిధులు ఒకే చోటు నుంచి రావు, రావాలని చూడకండి కూడా. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలని కట్టడి చేసింది. మరుగుదొడ్డికీ చెత్తకూ ఇలాంటి పద్దులోనే ముందు అడగాలి, తర్వాతి కాలపు మార్గదర్శకాలు మీ పంచాయతీ కార్యదర్శి దగ్గర చూసుకోండి. పార్లమెంటు సభ్యునికి ఏడాదికి 5 కోట్ల నియోజకవర్గ నిధి ఉంటుంది, ప్రజల ఆస్తిగా నిలిచే పనికి దాన్ని అడగవచ్చు. అటవీ హక్కుల చట్టం 2006లోని 3(2) సెక్షన్ కింద తాగునీరు, రోడ్డు, సామాజిక భవనం వంటి 13 రకాల పనులకు, ఒక్కొక్కటి హెక్టారు లోపు అయి, హెక్టారుకు 75 చెట్లకు మించి పోకపోతే, గ్రామ సభ సిఫారసుతో అటవీ భూమి ఇవ్వవచ్చు. అందులో పర్యాటక వసతి లేదు. అయితే మీ ఊరికి న్యాయంగా రావలసిన రోడ్డూ కుళాయీ వస్తే వచ్చేవాళ్లకూ అవే పనికొస్తాయి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సి.ఎస్.ఆర్. డబ్బు గురించి యువకులు ఎక్కువ ఆశ పెట్టుకుంటారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలా ఖర్చు చేయాలి, పర్యావరణ రక్షణ ఆ జాబితాలో ఉంది. కానీ ఆ డబ్బు అందుకునే సంస్థకు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సి.ఎస్.ఆర్-1 నమోదూ, అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవమూ కావాలి. నిన్న పుట్టిన సంఘానికి అది నేరుగా అందదు. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐ.టి.డి.ఎ.) ద్వారానో, అనుభవమున్న సంస్థ ద్వారానో అడగండి.

ఇవన్నీ కట్టడానికి డబ్బులు, ఊడ్చడానికి కావు. శని ఆదివారాల్లో ఇద్దరికి రోజుకు 500 రూపాయల చొప్పున కూలి ఇస్తే ఏడాదికి 1,04,000 రూపాయలవుతుంది. ఈ లక్ష ఎక్కడి నుంచి వస్తుందో తీర్మానంలో రాయకుండా ఒక్క ఇటుక కూడా పేర్చవద్దని మీ గ్రామ సభను కోరుతున్నాను. మారేడుమిల్లి అడవిలో విడిది గృహాలను స్థానిక వన సంరక్షణ సమితి చేతుల మీదుగా నడిపించిన అనుభవం ఉంది. కాటేజీల ఆలోచన వదలలేకపోతే మీ పెద్దలు ఒకసారి అక్కడికి వెళ్లి, ఖర్చూ రాబడీ ఎలా సరిపెట్టుకున్నారో అడిగి రావడం మంచిది.

ప్రశ్న: మా పంచాయతీ జలపాతం దగ్గర పార్కింగ్ రుసుమును వేలం పాటలో ఒకరికి ఇచ్చింది. ఏడాది డబ్బు ఒకేసారి వచ్చింది గానీ, అక్కడ ఏ పనీ జరగలేదు. ఇది సరైన పద్ధతేనా?
– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్ జిల్లా

సమాధానం: సంత పాటకు పాడించినట్టు అడవి స్థలాన్ని పాడించడం నాకు సరిగా తోచదు. పాటదారుకు పెట్టుబడి తిరిగి రావాలి, అందుకు బళ్లు ఎక్కువగా రావాలి. ఇక జాలు, ఈ పూటకు జాగా లేదు అని వెనక్కి పంపే మనిషి అక్కడ ఉండడు. ఎంతమంది రావచ్చో నిర్ణయించడానికి పెద్ద లెక్కలు అక్కరలేదు. మరుగుదొడ్లు ఎంతమందికి సరిపోతాయో, మడుగు ఒడ్డున కాపలా మనిషి ఎంతమందిని కనిపెట్టగలడో చూసి, అంతమందికి సరిపడా బళ్లకే జాగా గీయండి.

మహిళా సంఘానికి వసూలు అప్పగించి, ప్రత్యేక ఖాతా తెరిచి, వచ్చిన దానిలో శుభ్రతకూ కాపలాకూ పోయే భాగాన్ని ముందే విడిగా తీసిపెట్టమని గ్రామ సభలో అడగండి. నెల నెలా రాబడి, ఖర్చు రసీదు ఇచ్చే చోటే పలక మీద రాయించండి. ప్లాస్టిక్ సీసాకు కొంత సొమ్ము బయానాగా తీసుకుని, తిరిగి వెళ్లేటప్పుడు సీసా చూపిస్తే ఇచ్చేసే పద్ధతి కూడా అక్కడే పెట్టవచ్చు. స్థలం అటవీ శాఖదైతే రుసుము వసూలుకు వాళ్లతో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. పులుల అభయారణ్యం లోపల అయితే ఇంకా కట్టుబాట్లుంటాయి. 2012 నాటి కేంద్ర మార్గదర్శకాలు పులుల కోసం కేటాయించిన లోపలి (కోర్) ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదన్నాయి.

ప్రశ్న: నేను అమెరికాలో ఒక చిన్న పట్టణపు పార్కు కమిటీలో సభ్యుడిని. కాలిబాటలు, గుడారాలు వేసుకునే ఖాళీ జాగాలు తప్ప మరే వసతీ లేని పార్కు మాది. ప్రభుత్వ గ్రాంటు అడగమని కమిటీ నాకు అప్పగించింది. ఏమి చూసుకోవాలి?
– ఒక ప్రవాస పాఠకుడు

సమాధానం: మీకు రెండు దారులు ముఖ్యమైనవి. 1964 చట్టంతో ఏర్పడిన ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్‌కు 2020 చట్టం ఏటా 90 కోట్ల డాలర్లు శాశ్వతంగా కేటాయించింది. అందులో రాష్ట్రాల ద్వారా వచ్చే గ్రాంటు సాధారణంగా ఖర్చులో సగం దాకానే భరిస్తుంది, మిగతా సగం మీ పట్టణం చూపించాలి. కాలిబాటల వరకే అయితే రిక్రియేషనల్ ట్రెయిల్స్ ప్రోగ్రాం మీకు తేలిక. అందులో కేంద్రం వాటా సాధారణంగా 80 శాతం దాకా ఉంటుంది. రెండింటిలోనూ ముందు మీరు ఖర్చు పెట్టి, బిల్లులు పంపి, తర్వాత డబ్బు తీసుకోవడమే పద్ధతి కనుక చేతిలో కొంత నిల్వ లేని పట్టణం మధ్యలో ఇబ్బంది పడుతుంది.

మొదటి నిధికి ఒక షరతు ఉంది, దాన్ని కమిటీకి చదివి వినిపించండి. ఆ డబ్బుతో బాగుచేసిన పార్కు ఎప్పటికీ ప్రజల ఆరుబయటి విహారానికే ఉండాలి. మరో పనికి మార్చాలంటే కేంద్రం అనుమతి తీసుకుని, అంతే విలువైన, అలాగే ఉపయోగపడే వేరే భూమిని చూపించాలి. నాకైతే అది భారం అనిపించదు, మన దగ్గర కూడా అలాంటి కట్టుబాటు ఉంటే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

మీ సభ్యుల శ్రమదానానికి విలువ కట్టి పట్టణం వాటాలో చూపించే వీలు చాలాచోట్ల ఉంది. అందుకు తేదీ, పేరు, చేసిన పని, గంటలు, సంతకం ఉన్న రిజిస్టరు కావాలి. ఒప్పందం మీద సంతకాలు పడకముందు చేసిన పని సాధారణంగా లెక్కలోకి రాదు. కాబట్టి ఈ వసంతంలో బాట బాగుచేయడానికి మీ వాళ్లు పారలు పట్టే ముందు రాష్ట్ర పార్కుల కార్యాలయానికి ఫోన్ చేసి అడగండి.