ఐరిష్ డాన్స్ ప్రాక్టీస్‌కి ఏ ట్యూన్ పెట్టుకోవాలి?

మీరు సాధన చేస్తున్న నృత్యం ఏ రకానిదో ఆ రకం ట్యూన్‌నే, మీ స్థాయికి తగిన వేగంలో పెట్టుకోవాలి. ఐరిష్ సంగీతమే కదా అని ఏదో ఒకటి పెడితే అడుగులు కుదరవు.

కారణం తాళం. ఐరిష్ నృత్య రకాల్లో రీల్ 4/4లో (బారుకు, అంటే తాళంలో ఒక చుట్టుకు, నాలుగు బీట్లు), జిగ్ 6/8లో (మూడేసి చొప్పున ఆరు మాత్రలు), స్లిప్ జిగ్ 9/8లో (మూడేసి చొప్పున తొమ్మిది మాత్రలు) నడుస్తాయి. మూడేసి లెక్కతో సాగే తిశ్ర గతి తెలిసినవాళ్లకు జిగ్ నడక త్వరగానే పట్టుబడుతుంది. స్టెప్పులు సాధారణంగా ఎనిమిది బార్లకు కట్టి ఉంటాయి. కుడికాలితో ఎనిమిది బార్లు ఆడాక, అదే స్టెప్పును ఎడమకాలితో మరో ఎనిమిది బార్లు ఆడతారు. మధ్యలో వేగం మారిపోయే స్టేజి షో సంగీతం వినడానికి బాగుంటుంది గానీ సాధనకు పనికిరాదు. డాన్సర్ల కోసమే ఒకే వేగంతో వాయించిన అకార్డియన్, పియానో ట్రాక్‌లు దొరుకుతాయి, అవి మేలు.

ట్రెబుల్ జిగ్‌నే తీసుకోండి. గట్టి అడుగున్న హార్డ్ షూలతో ఆడే నృత్యమిది. పోటీల్లో మొదటి స్థాయిలవారికి దాదాపు నిమిషానికి 92 బీట్ల వేగం ఉంటే, పైస్థాయి వారికి 73 మాత్రమే.

చాలామంది పొరబడేది ఇక్కడే. సంగీతం ఎంత వేగంగా ఉంటే నృత్యం అంత కష్టం అనుకుంటారు. హార్డ్ షూలో మాత్రం వేగం తగ్గేకొద్దీ బీటుకూ బీటుకూ మధ్య ఎక్కువ చప్పుళ్లు ఇరికించాల్సి వస్తుంది, గాల్లో ఎక్కువసేపు నిలవాల్సి వస్తుంది. అసలు కష్టం అదే. కొత్త స్టెప్పు నేర్చుకునేటప్పుడు వేగం తగ్గించుకోవచ్చు, శ్రుతి మారకుండా వేగం తగ్గించే యాప్‌లు ఉన్నాయి. తాళం రకాన్ని మాత్రం మార్చకండి.