డ్రిల్లు కొనేముందు బ్యాటరీ సంగతి

పోయిన శనివారం పొద్దున్నే మా ఊరి తమ్ముడొకడు హోమ్ డిపో అనే పెద్ద పనిముట్ల దుకాణం నుంచి ఫోన్ చేశాడు. న్యూజెర్సీలో ఇల్లు కొని ఇంకా నెల కాలేదు. "అన్నా, ఇక్కడ గోడంతా డ్రిల్లులే. పసుపువి, ఎర్రవి, నిమ్మపచ్చవి. ఒకదాని మీద 18 వోల్టులని ఉంది, ఇంకోదాని మీద 20 అని ఉంది. 20దే తీసుకోనా?" అన్నాడు. ఏమీ కొనకుండా తిన్నగా ఇంటికి రమ్మన్నాను. ఈ ప్రశ్న ఏడాదికి నలుగురైదుగురు అడుగుతూనే ఉంటారు కాబట్టి, టీ తాగుతూ వాడికి చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ఆ వోల్టులు రెండూ ఒకటే. బ్యాటరీ డబ్బాలో ఐదు లిథియం సెల్లులు వరసగా కలిపి ఉంటాయి. నిండా చార్జ్ చేసి పనేమీ చెప్పకుండా కొలిస్తే ఒక్కో సెల్లు 4 వోల్టుల దాకా చూపిస్తుంది, మొత్తం 20. పనిలో ఉన్నప్పుడు సగటున 3.6, మొత్తం 18. డివాల్ట్ అనే కంపెనీ వాళ్ళు అమెరికాలో పెద్ద అంకె వేస్తారు, యూరప్‌లో అదే సరుకు మీద 18 అని వేస్తారు. మకీటా, మిల్వాకీ, ర్యోబీ కంపెనీలు ఇక్కడా 18 అనే రాస్తాయి. కాబట్టి ఆ అంకె చూసి ఎంచుకోవద్దు.

అసలు తెలుసుకోవాల్సింది గోడ గురించి. మన ఇళ్ళల్లో పెళ్ళి ఫొటో తగిలించాలన్నా హ్యామర్ డ్రిల్లు, సిమెంటు బిట్టు, రావల్‌ప్లగ్ కావాలి. ఇటుక గోడ అలాంటిది. ఆ అలవాటుతోనే ఇక్కడికొచ్చాక కూడా మనవాళ్ళు బరువైన హ్యామర్ డ్రిల్లు కొంటారు. ఇక్కడ గోడంటే మామూలుగా అరంగుళం జిప్సం షీటు. దాని వెనక 16 అంగుళాలకొకటి, కొన్నిచోట్ల 24కి ఒకటి చొప్పున నిలువు కర్రలుంటాయి, వాటిని స్టడ్ అంటారు. టూ బై ఫోర్ అని పేరే గానీ కొలిస్తే ఆ కర్ర ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర లోతు. మీ స్క్రూ ఆ ఒకటిన్నర అంగుళంలో నడిమధ్యన దిగాలి. బరువు మోసేది కర్ర, షీటు కాదు.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మా మొదటి ఇంట్లో దేవుడి మందిరాన్ని ప్లాస్టిక్ యాంకర్లతో షీటుకే బిగించాను. మూడో నెలలో ఒక రాత్రి పైన రెండు యాంకర్లు జిప్సం పొడితో సహా ఊడివచ్చి మందిరం ముందుకు వాలిపోయింది. పొద్దున లేచేసరికి కార్పెట్ మీద తెల్లటి పొడి, కుందుల్లోంచి ఒలికిన నూనె. ఆ సమయంలో దీపం వెలుగుతూ ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. చెక్క ఇల్లది.

స్టడ్ పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. చిన్నదైనా గట్టి అయస్కాంతం ఒకటి తీసుకుని గోడ మీద నెమ్మదిగా అడ్డంగా, నిలువుగా జరపండి. షీటుని కర్రకి బిగించిన స్క్రూ తల ఎక్కడుంటే అక్కడ అంటుకుంటుంది. దాని కిందా పైనా ఇంకో రెండు దొరికితే అదే కర్ర. సన్న బిట్టుతో ముందు చిన్న బెజ్జం వేసి, బయటికి వచ్చే పొట్టు చూడండి. తెల్లపొడి తర్వాత లేతపసుపు చెక్క పొట్టు చుట్టలుగా వస్తే సరైన చోట ఉన్నట్టు. తెల్లపొడి రాలి, బిట్టు చటుక్కున లోపలికి దిగబడిపోతే వెనక ఖాళీ. ఇనుము తగిలినట్టు బిట్టు ఆగిపోతే మాత్రం బలం పెట్టకండి, వెంటనే ఆపేయండి. కరెంటు తీగకో నీళ్ళ పైపుకో రక్షణగా అక్కడ ఇనప రేకు కొట్టి ఉండొచ్చు. స్విచ్చులకీ ప్లగ్గులకీ నేరుగా పైనా కిందా అసలు వేయొద్దు. తీగలు ఆ దారినే వెళ్తాయి.

ఇలాంటి గోడకి మామూలు డ్రిల్ డ్రైవర్, దానికి తోడు ఇంపాక్ట్ డ్రైవర్, రెండూ కలిపి అమ్మే కిట్ చాలు. బ్రష్‌లెస్, అంటే లోపల అరిగే బ్రష్‌లు లేని మోటారుది తీసుకోండి. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, మోటారు తక్కువ వేడెక్కుతుంది. డ్రిల్లు మూతి దగ్గర అంకెలున్న పట్టీ ఉంటుంది, అది క్లచ్. ఐకియా బల్లలు బిగించేటప్పుడు 3 దగ్గరో 4 దగ్గరో పెట్టుకుంటే, స్క్రూ బిగియగానే టకటకమని జారి ఆగుతుంది. క్లచ్ చూసుకోకపోతే ఆ పొట్టుచెక్కలో మర తిరిగిపోతుంది, ఇక ఆ స్క్రూ జన్మలో పట్టదు. ఇంపాక్ట్ డ్రైవర్ పొడవాటి లావు స్క్రూలకి. అది కొట్టేది తిప్పే దిశలోనే, హ్యామర్ డ్రిల్లులా ముందుకు కాదు. పేరు చూసి దాంతో కాంక్రీటు తొలవబోకండి. బేస్‌మెంట్ గోడకో ఇటుక ఫైర్‌ప్లేస్‌కో నాలుగు బెజ్జాలు కావాలంటే ఆ ఒక్కరోజుకి రోటరీ హ్యామర్ అద్దెకు తెచ్చుకోండి. హోమ్ డిపోలోనే ఇస్తారు.

ఇక బ్యాటరీ. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ పనిముట్టుకి పట్టదు. మిల్వాకీ, ర్యోబీ పనిముట్లు రెండూ తయారుచేసేది ఒకే కంపెనీ, అయినా ఒకదానిది ఇంకోదానికి పెట్టలేం. మీరు ఈరోజు తెచ్చే డ్రిల్లుతోనే, రేపు కొనబోయే గడ్డి ట్రిమ్మరు, ఆకులు ఊదే బ్లోయరు, టైర్లకి గాలి పట్టేది, అన్నీ ఏ రంగులో, అంటే ఏ కంపెనీవి ఉండాలో తేలిపోతుంది. మా బేస్‌మెంట్‌లో తొమ్మిది పనిముట్లున్నాయి, నాలుగు బ్యాటరీలతో నడుస్తున్నాయి. మొదటి రెండు పనిముట్లూ కిట్‌తో వచ్చాయి. ఆ తర్వాతవన్నీ బ్యాటరీ లేకుండా ఒట్టి పనిముట్టుగా కొన్నవే, చాలా చవక.

ఇంటి పనులకే అయితే నేను ర్యోబీ అనే చెబుతాను. 1996 నుంచి ఆ 18 వోల్టుల బ్యాటరీ ఆకారం మార్చలేదు, ఇంటికి కావలసిన రకరకాల పనిముట్లు ఆ వరసలో ఉన్నాయి. సొంతంగా డెక్ కట్టుకోవాలి, బేస్‌మెంట్ పూర్తి చేసుకోవాలి అన్న పట్టుదల ఉన్నవాళ్ళు మకీటా, మిల్వాకీ, డివాల్ట్‌లలో ఏది చేతికి కుదిరితే అది తీసుకోండి, మూడూ గట్టివే. చూసుకోవాల్సిందొకటే. ర్యోబీలోనే 40 వోల్టుల వరస వేరే ఉంది, పెద్ద లాన్‌మోవర్లు ఎక్కువగా అందులో వస్తాయి. ఆ బ్యాటరీ 18 దానికి పట్టదు.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చెప్పే అంకె ఆంపియర్ అవర్. డ్రిల్లుకి 2 ఆంపియర్ అవర్ బ్యాటరీ చాలు, చేతికి తేలిక. 4ది బ్లోయరుకి ఉంచండి. విడిగా కొంటే బ్యాటరీ ఖరీదు గుండె గుభేల్మంటుంది. అందుకే ఫాదర్స్ డే ముందో థ్యాంక్స్‌గివింగ్ వారంలోనో రెండు బ్యాటరీలున్న కిట్ కోసం ఆగండి. ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికే నకిలీ బ్యాటరీలు మాత్రం వద్దు, నిప్పుతో చెలగాటం అది. చలికాలం గడ్డకట్టే గరాజ్‌లో చార్జింగ్ పెట్టకండి. సున్నా డిగ్రీల సెల్సియస్ కింద చార్జ్ చేస్తే సెల్లు లోపల పాడవుతుంది.

అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు లీజు చదివి, మేనేజర్ని అడిగాకే గోడ ముట్టుకోండి. ఏడాదికి రెండు బెజ్జాల కోసం కొనడం కూడా దండగే. పక్కింటి మనవాళ్ళనడగండి, లేదా లైబ్రరీలో కనుక్కోండి. కాలిఫోర్నియాలో బర్కిలీ లైబ్రరీ 1979 నుంచి పనిముట్లు అరువిస్తోంది.

ఊళ్ళో నాన్నకో బావమరిదికో తీసుకెళ్దామని చాలామందికి ఉంటుంది. చార్జర్ వెనక చీటీ చదవండి. చాలావాటి మీద 120 వోల్టులనే ఉంటుంది. మన 230లో పెడితే మాడిపోతుంది. అక్కడి గోడలకి అక్కడే కరెంటుతో నడిచే హ్యామర్ డ్రిల్లు కొనిపెట్టడం మేలు. అయినా తీసుకెళ్తామంటే డ్రిల్లు చెకిన్ పెట్టెలో, విడి బ్యాటరీ చేతిసంచిలో. 100 వాట్ అవర్ లోపైతే అభ్యంతరం ఉండదు. వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి, 18 వోల్టుల 2 ఆంపియర్ అవర్‌ది 36 మాత్రమే. దాని రాగి మొనలకి టేపు వేయండి.

తమ్ముడు కిట్ ఇంకా కొనలేదు, ఫాదర్స్ డే దాకా ఆగుతానన్నాడు. ఈ ఆదివారం నా డ్రిల్లు పట్టుకెళ్ళి వాళ్ళింట్లో మందిరం బిగించి రావాలి. నిన్న రాత్రి ఫొటో పంపాడు, గోడకి రెండు అయస్కాంతాలు అంటుకుని ఉన్నాయి. మధ్యలో టేపు పెట్టి కొలవమన్నాను. సరిగ్గా 16 అంగుళాలు.