వీఆర్‌లో వెతికించే ముందు ఇవి చూసుకో

శ్రావణీ,

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ప్రయోగానికి నువ్వు రాసిన ప్లాన్ చదివాను. హెడ్‌సెట్ పెట్టించి, మనిషి చుట్టూ ఇంగ్లీషు ఎల్ అక్షరాలు చల్లి, వాటిలో ఒక్క టీని వెతికించడం బాగుంది. కానీ 1998లో మార్విన్ చున్, యూహాంగ్ జియాంగ్ చేసిన ప్రయోగం ఇంకోసారి నిదానంగా చదువు. అందులో కొన్ని అక్షరాల అమరికలు మళ్లీ మళ్లీ వస్తాయి, మిగతావి ప్రతిసారీ కొత్తవి. పాతవాటిలో జనం టీని త్వరగా పట్టేస్తారు, ఏవి పాతవో అడిగితే మాత్రం చెప్పలేకపోయారు. ఆ వేగం అమరిక వల్లే వచ్చిందని నువ్వు గట్టిగా చెప్పగలగాలి. అందుకే కొత్త అమరికల్లో కూడా టీ కొన్ని చోట్లే, అన్నే సార్లు రావాలి, లేకపోతే టీ ఎక్కువగా ఎటు ఉంటుందో కనిపెట్టినవాళ్లు కూడా నీకు అమరిక నేర్చుకున్నట్టే కనిపిస్తారు. టీ తల ఎటు వాలిందన్నది మాత్రం మారుస్తూ ఉండు.

తెర మీద అంతా ఎదురుగానే ఉంటుంది, వీఆర్‌లో సగం అక్షరాలు వీపు వెనక. కాబట్టి ఎదురుగా ఒక చుక్క పెట్టి, తల దాని మీద నిలిచాకే అక్షరాలు రానివ్వు. మొత్తం సమయం ఒక్కటే రాసుకుంటే చాలదు, తల మొదట ఎటు తిరిగింది, టీ చూపులో పడ్డాక బటన్ నొక్కడానికి ఎంత పట్టింది, రెండూ విడిగా ఉండాలి. నన్నడిగితే అసలు సంగతంతా ఆ మొదటి మలుపులోనే ఉంటుంది.

గదిలో టేబుల్ ఫ్యాన్ తీసేయ్. కళ్లు మూసేసినా కుడి చెంపకి గాలి తగులుతుంటే తలుపు ఎటో ఒంటికి తెలిసిపోతుంది, అప్పుడు అమరికని తమ శరీరాన్ని బట్టి గుర్తుపెట్టుకున్నారో గదిని బట్టో తేల్చలేవు. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో బండి మీద వచ్చినవాళ్లని రాగానే కూర్చోబెట్టకు, చెమట ఆరనీ, లేకపోతే లెన్సుల మీద ఆవిరి పడుతుంది. ఎవరైనా కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే ఆపెయ్, ఇంకొంచెమే అని బతిమాలొద్దు.

చివర్లో "ఇది ముందు చూశారా" అని అడిగే పరీక్ష ఉంది చూడు, దాన్ని తూతూమంత్రంగా కానివ్వకు. కొద్దిమందిని కొద్దిసార్లే అడిగి, తెలియకుండానే నేర్చుకున్నారని రాసెయ్యడం మనలో చాలామందికి అలవాటు, 2016లో మిగెల్ వడియో, డేవిడ్ షాంక్స్ వాళ్లు ఎత్తిచూపింది ఇదే: పరీక్ష చిన్నదైతే, తెలిసినవాళ్లు కూడా తెలియనట్టే లెక్కలోకి వస్తారు. ఎక్కువమందిని, ఎక్కువసార్లు అడుగు, అదీ వెతకడం పూర్తయ్యాకే, మధ్యలో అడిగావంటే అక్కణ్నుంచి అమరికల కోసం కాచుక్కూర్చుంటారు.

ముందు మన ల్యాబ్‌లో ఇద్దరితో చేయించి ఫైళ్లు పంపు, తల మలుపులు కలిసి చూద్దాం.

బాబాయి